మా మామయ్య జీపు, మా అత్తమ్మ తడిగుడ్డ

మా ఇంట్లో ఆదివారం అంటే రెండు వాసనలు. ఒకటి పొయ్యి మీద మటన్ వాసన, రెండోది వాకిట్లో పెట్రోలు వాసన. పెళ్లై కరీంనగర్ నుంచి ఉట్నూరుకు కాపురానికి వెళ్లిన మొదటి ఆదివారమే, 1990లో, మామయ్య జీపు బోనెట్ ఎత్తి నన్ను పిలిచారు. "బిడ్డా, ఆ పద్నాలుగు నంబర్ పానా ఇటియ్యి." అత్తమ్మ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు తెలియకముందే పద్నాలుగు నంబర్ పానా ఎక్కడుంటుందో తెలిసిపోయింది.

పోయిన నెల ఆ జీపు అమ్మకానికి బేరం కుదిరింది. అమ్మే ముందు దాని సంగతి ఒకసారి రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. కూర్చున్నాక ఏమైందో చివర్లో చెప్తాను. ముందు ఆ బండి మా ఇంటిదాకా ఎట్లా వచ్చిందో చెప్పాలి. అది చాలా దూరం నుంచి వచ్చింది.

1940లో అమెరికా సైన్యానికి గుట్టలు, బురద, ఇసుక దేన్నైనా దాటగలిగే చిన్న బండి కావలసి వచ్చింది. 135 కంపెనీలకు కబురు పంపింది. నమూనా బండి చేసి ఇవ్వడానికి పెట్టిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులోనే చేసి చూపించింది. కానీ అంత పెద్ద ఎత్తున తయారు చేసే శక్తి దానికి లేదు. పెద్ద ఆర్డర్లన్నీ విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు పోయాయి. యుద్ధం ముగిసేనాటికి ఆ రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. మొదట ఆలోచించి చేసినవాళ్ల పేరు వెనక్కి పోయి, తర్వాత వచ్చినవాళ్ల పేరు నిలిచింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

జీపులో నాకు నచ్చేది దాని దాపరికం లేనితనం. బోనెట్ ఎత్తితే అన్నీ కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి. యుద్ధంలో మిస్త్రీ షెడ్డు ఎక్కడుంటుంది? ఆగిన చోటే, ఉన్న నాలుగు పానాలతోనే, నడిపేవాడే బాగు చేసుకోవాలి. అందుకని అట్లా కట్టారు. ఇప్పటి కార్ల బోనెట్ ఎత్తితే పైన ఒక నల్లటి ప్లాస్టిక్ మూత. మనతో పనేం లేదన్నట్టు ఉంటుంది.

యుద్ధం అయ్యాక విల్లీస్ వాళ్లు రైతుల కోసమని సీజే పేరుతో బండ్లు తెచ్చారు. సీజే అంటే సివిలియన్ జీప్, మామూలు జనం జీపు అన్నమాట. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పుట్టింది. మహీంద్రా అన్నదమ్ములు ఇద్దరు, వాళ్ల భాగస్వామి గులాం మహమ్మద్. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్‌కు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విడి భాగాలు ఓడలో వస్తే బొంబాయిలో బిగించడంతో మొదలై, తర్వాత ఇక్కడే తయారు చేసే దాకా వచ్చారు. సీజే-3బీ అనే రకం అమెరికాలో 1968లో ఆపేశారు. మహీంద్రా వాళ్లు ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు దాన్ని చేస్తూనే వచ్చారు. ఎత్తైన బోనెట్, లోపల రెండు లీటర్ల పైచిలుకు పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు. మాది ఆ రకమే.

ఆదిలాబాద్ జిల్లాకు ఈ బండి సరిగ్గా సరిపోయింది. వాన పడితే వాగు, ఎండ కొడితే దుమ్ము. తహసీలు, పోలీసు, అటవీ శాఖ, దవాఖాన, ఎవరికైనా జీపే దిక్కు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగితే, హైమన్‌డార్ఫ్ సలహాతో 1940లలో మొదలైన దర్బారుకు అధికారులు జీపుల్లోనే వచ్చేవారు. ఎన్నికలొస్తే బ్యాలెట్ పెట్టెలు జీపుల్లోనే అడవి దాటేవి. ఆ పెట్టెలు ముందర కట్టుకుని, రాత్రంతా వాగు ఒడ్డున నీళ్లు తగ్గేదాకా కూర్చున్న డ్రైవర్లలో మా మామయ్య ఒకరు.

మామయ్య నిజాం కాలంలో చదువుకున్నారు. అప్పుడు సర్కారు బడిలో చదువంటే ఎక్కువగా ఉర్దూలోనే. ఏడు తరగతులు చదివి, హైదరాబాద్ రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఒక సర్కారీ దఫ్తర్లో డ్రైవర్‌గా కుదిరారు. ఆఫీసర్లు మారారు, ఆయన, ఆ జీపు మారలేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. మామయ్యకు అప్పటికి 56. ఒక్క కాగితంతో ఇంటికొచ్చేశారు. కొన్నాళ్లకే ఆ జీపును కూడా కండెమ్ చేసి వేలానికి పెట్టారు. "ఇద్దర్నీ ఒక్క ఏడాదే కండెమ్ చేసిండ్రు" అని అత్తమ్మ నవ్వేది. ఆయన వెళ్లి వేలంలో పాడి ఆ జీపునే ఇంటికి తెచ్చుకున్నారు. ఆ డబ్బు అత్తమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టిన డబ్బు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇక ఆదివారాలు. పొద్దున్నే బండిని వేప చెట్టు కిందికి తోసి, చక్రాల కింద రాళ్లు పెట్టేవారు. చేయాల్సిన పనికి ఒక వరుస ఉండేది. ముందు గ్రీజు. కమాను పట్టీల దగ్గర, స్టీరింగు కడ్డీల దగ్గర, జాయింట్ల దగ్గర చిన్న చిన్న నిపుల్స్ ఉంటాయి. వాటికి గ్రీజు గన్ పెట్టి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టాలి. తర్వాత నాలుగు ప్లగ్గులు విప్పి బ్రష్షుతో రుద్దాలి. ప్లగ్గు రంగు చూసి ఇంజను ఆరోగ్యం చెప్పొచ్చు. నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, ఇటుక రంగులో పొడిగా ఉందంటే బాగున్నట్టు. పిల్లల నాలుక చూసి కడుపు సంగతి చెప్పినట్టే. తర్వాత డెల్కో మూత తీసి పాయింట్లను ఉప్పుకాగితంతో గీకాలి. ప్లగ్గు తీగలు మళ్లీ పెట్టేటప్పుడు వరుస తప్పకూడదు: ఒకటి, మూడు, నాలుగు, రెండు. ముగ్గు చుక్కల లెక్క నోటికొచ్చినట్టు నాకది నోటికొచ్చేసింది.

విప్పిన బోల్టులు పోకుండా పెట్టడానికి మామయ్యకు ఎప్పుడూ గిన్నె కావాలి. అత్తమ్మ ఇవ్వదు. ఆయన ఒకసారి ఆమెకు తెలియకుండా సకినాల పళ్లెం తీసుకుపోయి గ్రీజు చేశారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఓటి మూకుడు ఒకటి జీపు పేరు మీద రాసిచ్చింది.

కానీ వంటింటికీ ఆ బోనెట్‌కూ మధ్య రాకపోకలు ఆ ఒక్క మూకుడుతో ఆగలేదు. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే బట్టల సబ్బు అరగదీసి ఆ సందులో నొక్కేవాళ్లు. పెట్రోలుకు సబ్బు కరగదు, నాలుగు రోజులు ఆగుతుంది. రేడియేటర్ సన్నగా కారితే పిడికెడు పసుపు పోసేవాళ్లు. ఆ పొడి నీళ్లతో పాటు తిరిగి తిరిగి చిల్లు దగ్గర పేరుకుని మూసేస్తుంది. మిస్త్రీలు చూస్తే తిడతారు, గొట్టాలు పూడుకుపోతాయని. తిట్టడం న్యాయమే. కానీ మిస్త్రీ దగ్గరికి చేరాలంటే ముందు అడవి దాటాలి కదా.

ఇప్పుడు 1993 మే నెల సంగతి. మా బాబుకు తొమ్మిది నెలలు. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తుంటే కన్నీళ్లు రావడం లేదు. మావారు టీచర్ ట్రైనింగు పని మీద కరీంనగర్‌లో ఉన్నారు. మంచిర్యాల తీసుకుపోదామని మామయ్య జీపు తీశారు. నేను వెనక సీట్లో బాబును ఒళ్లో వేసుకున్నాను, అత్తమ్మ ముందు కూర్చుంది. జన్నారం అడవిలో, మిట్ట మధ్యాహ్నం, ఎత్తు ఎక్కుతుంటే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, అందుకోదు. హ్యాండిల్ వేసి తిప్పారు. అందుకోలేదు. మామయ్య ప్లగ్గులు చూశారు, పాయింట్లు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన చేతులు వణకడం నేను మొదటిసారి చూశాను. రోడ్డు మీద పిట్ట లేదు. బాబు ఏడుపు కూడా ఆపేశాడు.

జరిగిందేమిటో ఇప్పుడు నాకు తెలుసు. ఆ జీపులో పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. మే ఎండ, ఎత్తు, ఇంజను వేడి అన్నీ కలిసి గొట్టంలోని పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు కానీ బుడగల్ని లాగలేదు. ట్యాంకు నిండా పెట్రోలున్నా ఇంజనుకు చుక్క అందదు. ఏ కంపెనీ తప్పూ కాదు, ఆ కాలపు పెట్రోలు బండ్లన్నిటికీ ఎండాకాలం ఉన్న జబ్బే ఇది.

అత్తమ్మ దిగి బోనెట్ దగ్గరికి పోయింది. పంపు మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున తీసేసింది. "గిది పెనం లెక్క కాలుతుంది. తడిగుడ్డ సుట్టుండ్రి. రంజన్‌కు కట్టమా ఎండాకాలం?" అంది. మామయ్య వినిపించుకోలేదు. ఆమె ఇంకోసారి చెప్పలేదు. బాబు కోసం తెచ్చిన పాత చీర ముక్క తీసి, తాగే నీళ్లతో తడిపి, తనే చుట్టింది. దాని మీద ఇంకో చెంబెడు నీళ్లు పోసింది. ఆవిరి లేచింది. కాసేపయ్యాక మామయ్య సెల్ఫ్ కొడితే బండి అందుకుంది. జన్నారంలో ఒక నర్సమ్మ ఓఆర్‌ఎస్ పొడి కలిపి చెంచా చెంచాగా పట్టించింది. సాయంత్రానికి మంచిర్యాల చేరేసరికి వాడు మళ్లీ ఏడ్చాడు, కన్నీళ్లతో.

మా రంజన్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఆదిలాబాద్ వైపు నీళ్ల కుండను రంజన్ అంటారు. ఎండాకాలం దానికి తడి గోనెపట్టా చుడతారు. తడి ఆరుతూ ఆరుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది. పెట్రోలు పంపుకు జరిగింది అదే. గొట్టం చల్లబడితే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. అత్తమ్మకు జీపు తెలియదు, రంజన్ తెలుసు. అది చాలింది.

తర్వాత ఆ కథను మామయ్య ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. చుట్టాలొచ్చినా, పెళ్లిళ్లకు పోయినా చెప్పేవారు. ప్రతిసారీ, "అప్పుడు నాకు తట్టింది, తడిగుడ్డ సుట్టిన" అని చెప్పేవారు. మొదటిసారి విన్నప్పుడు నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె చాయ్ పోస్తోంది, తలెత్తలేదు. నేనూ ఏమీ అనలేదు. కొత్త కోడలిని, మామగారిని నలుగురిలో తప్పు పడతానా? రాను రాను నాకే అనుమానం వచ్చింది, ఆ కంగారులో నేనే సరిగ్గా వినలేదేమోనని. చివరికి నా కొడుక్కి నేను చెప్పిన కథ ఏంటంటే, "తాత నీ ప్రాణం కాపాడాడు." ఆ మాట నేను ఎన్నో ఏళ్లు చెప్పాను. మామయ్య 2004లో పోయారు. అత్తమ్మ 2012లో పోయింది. వాడికి ఆమె నాయనమ్మ, అంతే.

బండి బాగు చేయడం మగవాళ్ల పని అని మనకెవరు చెప్పారో గానీ, చరిత్ర మాత్రం చెప్పలేదు. 1888లో కార్ల్ బెంజ్ మోటారు బండి చేసి, జనం కొనక దిగాలుగా కూర్చుంటే, ఆయన భార్య బెర్తా ఒకరోజు చెప్పాపెట్టకుండా ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని, దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని పుట్టింటికి ఆ బండి మీదే పోయింది. మోటారు బండి మీద అంత దూరం ప్రయాణం ప్రపంచంలో అదే మొదటిది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుంటే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుంటే మేజోళ్లకు కట్టుకునే పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే ఒక చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. పుట్టింటికి పోయే దారిలో ఆడమనిషి ఒంటి మీద, చేతి సంచిలో ఏముంటే దానితోనే బాగు చేసుకుంది. 1945లో ఇంగ్లండు రాజకుమారి ఎలిజబెత్, తర్వాత రాణి అయినావిడే, సైన్యంలో చేరి బండి నడపడం, బాగు చేయడం నేర్చుకుంది. అంత దూరం ఎందుకు, మన కొత్తగూడెం వైపే ఒకావిడ లారీల టైర్లు విప్పి పంక్చర్లు వేస్తుందని పేపర్లో చదివాను.

ఇక అమ్మకం సంగతి. జీపు ఇప్పుడు కరీంనగర్‌లో మా ఇంటి పక్క షెడ్డులో ఉంటుంది. మామయ్య పోయాక ఆదివారం పని మావారిది, పానాలు అందించడం నాది. మావారికి నడుము ఆపరేషన్ అయ్యాక రెండేళ్లుగా బోనెట్ ఎత్తలేదు. మా అబ్బాయి హైదరాబాద్‌లో థార్ కొన్నాడు. "అమ్మా, ఇంకా ఎందుకది? రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, 2022లోనే ఫీజు 600 కాస్తా 5000 అయింది. ఎవరు నడుపుతారు, ఎవరు బాగు చేస్తారు?" అన్నాడు. తప్పేం లేదు. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి చూసి, రిసార్టు ముందర అలంకారానికి పెడతానని మంచి ధర చెప్పాడు. సరే అన్నాం.

అప్పగించే ముందు సీటు కింది పెట్టె ఖాళీ చేస్తుంటే మామయ్య లాగ్ బుక్కులు బయటపడ్డాయి. సర్కారు డ్రైవర్ అలవాటు. సొంత బండి అయ్యాక కూడా తేదీ, కిలోమీటర్లు, చేసిన రిపేరు, పెట్టిన ఖర్చు రాసేవారు, అన్నీ ఉర్దూలో. మా ఇంట్లో ఎవరికీ ఆ లిపి రాదు. మా వీధిలో రిటైరైన ఉర్దూ మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయనకు చాయ్ ఇచ్చి, 1993 మే పేజీ మాత్రం చదివి పెట్టమన్నాను. నేను ఎందుకు అడుగుతున్నానో ఆయనకు చెప్పలేదు.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివారు. తేదీ. ఉట్నూరు నుంచి మంచిర్యాల. మనవడికి తబియత్ ఖరాబ్. తర్వాత మూడు మాటలు: "పంపు గరం. గీలా కపడా. ఘర్‌వాలీ బోలీ."

పంపు వేడెక్కింది. తడిగుడ్డ. ఇంటామె చెప్పింది.

నేను మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే చదివారు.

నలుగురిలో ఒక్కసారి కూడా చెప్పని మాట ఆయన ఆ రాత్రే రాసి పెట్టుకున్నారు, ఆమె చదవలేని లిపిలో. దీనికి సంతోషపడాలో కోపం తెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. మావారితో అంటే, "నాయన అబద్ధం రాసుకోలేకపోయిండు, నిజం చెప్పుకోలేకపోయిండు" అన్నారు. కావచ్చు. కానీ ఆయన్ని తప్పు పట్టే ముందు నాది కూడా చూసుకోవాలి. ఆయనకైనా పుస్తకంలో ఒక లైను ఉంది. విన్న దాన్ని నేను. నా చెవులతో విని, నా నోటితో వేరే చెప్పాను.

ఆ రాత్రి అబ్బాయికి ఫోన్ చేసి, ఎవరు బతికించారో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాయనమ్మ నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. "అడగలేదు కదరా" అన్నాను.

బేరం వెనక్కి తీసుకున్నాం. ఆ పెద్దమనిషికి అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశాం. ఫీజు కట్టి కాగితాలు పెట్టాం. ఫిట్‌నెస్ పరీక్షకు బండి నడవాలి కాబట్టి పోయిన ఆదివారం బోనెట్ నేనే ఎత్తాను. మావారు కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని పానాలు అందించారు. ప్లగ్గులు నల్లగా ఉన్నాయి. రుద్దాను. పాయింట్లు గీకాను. తీగలు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరుసలో పెట్టాను. కార్బొరేటర్ విప్పడం మాత్రం రాలేదు, మిస్త్రీని ఇంటికి పిలిచి, పక్కనే నిలబడి చూసి నేర్చుకున్నాను. మూడోసారి సెల్ఫ్ కొడితే అందుకుంది. వీధిలో పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు.

సాయంత్రం చేతులు పుల్లటి మజ్జిగతో కడుక్కుని ఆ లాగ్ బుక్కులో మిగిలిన ఖాళీ పేజీ తీసి, తెలుగులో రాశాను. తేదీ, కిలోమీటర్లు, ప్లగ్గులు, పాయింట్లు, ఖర్చు. చివర ఎవరు చేశారో కూడా రాశాను. ముందు పేజీలో, మామయ్య ఉర్దూ అక్షరాల కింద, అత్తమ్మ పేరు తెలుగులో రాసి పెట్టాను.

వచ్చే ఆదివారం వెనక బ్రేకులు విప్పాలి. మా ఆడపడుచు వస్తానంది. ఓటి మూకుడు ఇంకా ఉంది.